పాఠకుల సందేహాలు: చైనావారి ఇంటికి విందుకు వెళ్ళేముందు

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా ఇటీవలే గ్వాంగ్‌జౌ నగరానికి వచ్చాం. ఆయన పై అధికారి మమ్మల్ని ఒక ఆదివారం ఉదయం హోటల్లో తేనీటి విందుకు, మరొక రోజు తమ ఇంటికి రాత్రి భోజనానికి ఆహ్వానించారు. మేము శాకాహారులం. అక్కడ ఎలా మెలగాలి? ఏం తీసుకువెళ్ళాలి? చైనా కొత్త సంవత్సరానికి డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు పంచే ఆచారం మాకూ వర్తిస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా శాకాహారం విషయం తేల్చుకోవాలి. ‘మేము మాంసం తినము’ అని మాత్రమే చెబితే, ముక్కలు లేకపోయినా ఎముకలు మరిగించిన రసంతోనో పంది కొవ్వుతోనో వండిన కూరను మీ ముందు పెట్టవచ్చు. అది అశ్రద్ధ కాదు. అక్కడ చాలామంది వాటిని మాంసంగా లెక్కించరు. అందువల్ల గుడ్డు, చేప, రొయ్య, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసే సాస్), మాంసపు రసం, కొవ్వు అని విడివిడిగా రాసి, రెండు మూడు రోజుల ముందే వారికి పంపండి. బౌద్ధ భిక్షువుల ఆహారం వంటిదంటే ఇంకా సులభంగా అర్థమవుతుంది గానీ, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవని గుర్తుంచుకోండి. ముందుగా చెబితే ఇబ్బంది పెట్టినట్లవుతుందని చాలామంది మొహమాటపడతారు. నిజానికి వండి వడ్డించాక వద్దనడమే ఆతిథ్యమిచ్చేవారికి ఎక్కువ కష్టం.

మీ గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఉదయపు తేనీటి విందు చాలాసేపు నడుస్తుంది. కూర్చోగానే వేడి టీతో గిన్నెలు, చాప్‌స్టిక్‌లు కడిగి, ఆ నీటిని బల్లమీది పెద్ద పాత్రలో పోయడం చూస్తారు. ఆశ్చర్యపోకుండా మీరూ అలాగే చేయండి. టీ పోసేవారు ఇతరుల కప్పులు నింపాకే తమది నింపుకుంటారు. మీ కప్పులో పోస్తున్నప్పుడు మాట ఆపనవసరం లేకుండా, మడిచిన రెండు వేళ్ళతో బల్లపై మెల్లగా తడితే అదే కృతజ్ఞత. మారువేషంలో తిరుగుతున్న చియెన్‌లాంగ్ చక్రవర్తి తానే టీ పోస్తే, ఆయనెవరో బయటపడకుండా సేవకులు సాష్టాంగానికి బదులు వేళ్ళు వంచి తట్టారని దీనికొక కథ చెబుతారు. కూజా ఖాళీ అయితే మూత కాస్త పక్కకు జరిపి ఉంచండి, పిలవకుండానే వేడినీళ్ళు తెచ్చి పోస్తారు.

ఇంటి భోజనంలో ద్వారానికి ఎదురుగా ఉండే ఆసనం సాధారణంగా ముఖ్యులది కనుక, కూర్చోమని చూపించేవరకు నిలబడి ఉండటమే మంచిది. పెద్దలు తినడం మొదలుపెట్టాకే మీరు మొదలుపెట్టండి. చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చకండి. చనిపోయినవారికి అర్పించే అన్నంలో అగరువత్తులు గుచ్చినట్లు ఉంటుంది. మద్యం అలవాటు లేకపోతే టీ కప్పునే ఎత్తి శుభాకాంక్షలు చెప్పవచ్చు, అది అందరికీ ఆమోదమైన పద్ధతే. పెద్దవారి గ్లాసుకు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచు వారిదానికంటే కాస్త కిందికి ఉండాలి.

కానుకగా మంచి పళ్ళు, టీ, లేదా మన ప్రాంతపు మిఠాయిలు రెండు చేతులతో ఇవ్వండి. గడియారం, తెల్లకాగితపు చుట్టు, నాలుగు సంఖ్య మరణాన్ని తలపిస్తాయి కాబట్టి వద్దు. వారు ‘ఎందుకండీ’ అని ఒకటి రెండుసార్లు కాదంటారు. అది మర్యాదే గానీ తిరస్కారం కాదు, నిదానంగా మరోసారి ఇవ్వండి. తీసుకున్నాక మీ ఎదుట విప్పకపోవడం కూడా మామూలే. ఇక హోటల్లో బిల్లు దగ్గర పెనుగులాట తప్పదు. మీరు ఇస్తామని గట్టిగానే అనండి, కానీ పిలిచినవారు చెల్లించాక ఊరుకోండి. అసలు మర్యాద ఆ తరువాతే మొదలవుతుంది: కొన్నాళ్ళకు మీరు వారిని పిలవాలి. ఈ రాకపోకలు సాగినంతకాలం అక్కడ బంధం నిలుస్తుంది. చాప్‌స్టిక్‌లు తడబడితే ఎవరూ పట్టించుకోరు గానీ, తిరిగి పిలవకపోతే మాత్రం మనసులో పెట్టుకుంటారు.

ఎర్ర కవర్లు మీకూ వర్తిస్తాయి. గ్వాంగ్‌డాంగ్‌లో పెళ్ళయినవారు పిల్లలకే గాక, వయసుతో నిమిత్తం లేకుండా పెళ్ళికాని పరిచయస్థులకు, భవనం కాపలాదారులకు, శుభ్రపరిచే సిబ్బందికి కూడా ఇస్తారు. మొత్తం చిన్నదే, 5 లేదా 10 యువాన్లు చాలు. నోట్లు మాత్రం కొత్తవి ఉండాలి. పండుగ మొదటి రోజు నుంచి పదిహేనో రోజున వచ్చే దీపాల పండుగ వరకు ఇవ్వవచ్చు, కాబట్టి ఆ రోజుల్లో సంచిలో కొన్ని కవర్లు సిద్ధంగా ఉంచుకోండి.

ప్రశ్న: వూహాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాను. పొరుగింటి పెద్దావిడ ఎదురైనప్పుడల్లా ‘తిన్నావా’ అంటుంది, నాన్నగారి జీతం అడుగుతుంది. ఏమని బదులివ్వాలి? ఆమెను ఏమని పిలవాలి? – ఒక విద్యార్థి

జవాబు: ‘తిన్నావా’ అనేది పలకరింపు. ‘తిన్నాను, మీరు తిన్నారా’ అంటే చాలు. జీతం అడగడం ఆ తరంవారిలో ఆప్యాయతకు గుర్తు. అంకె చెప్పనవసరం లేదు, ‘ఇల్లు గడవడానికి సరిపోతుందండీ’ అంటే ఆమె సంతృప్తి పడుతుంది. మీ అమ్మగారి వయసైతే ‘ఆయీ’ అని, నాయనమ్మ వయసైతే ‘నాయ్‌నాయ్’ అని వరుస కలిపి పిలవండి. అధ్యాపకులను మాత్రం ఇంటిపేరు ముందుంచి ‘వాంగ్ లావ్‌షీ’ (వాంగ్ గురువుగారు) వలె సంబోధించాలి. చైనాలో స్త్రీలు పెళ్ళయాక కూడా పుట్టింటి పేరే ఉంచుకుంటారు కాబట్టి, అధ్యాపకుని భార్యను ఆయన ఇంటిపేరుతో పిలిచేముందు ఆమె ఇంటిపేరు ఏమిటో అడిగి తెలుసుకోండి.