ఫారం మీద సంతకం పెట్టాక మనసు మారితే

ప్రశ్న: మాది ఆదోని. నాకు పదకొండు నెలల పాప ఉంది. మళ్లీ ఏడు వారాల గర్భమని తేలగానే, ఇప్పుడే ఇంకో కాన్పు వద్దని ఇంట్లో అనుకుని ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లారు. ఫారం మీద సంతకం పెట్టి, డాక్టరమ్మ ఎదుటే మొదటి మాత్ర మింగాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మిగిలిన మాత్రలు వేసుకోలేదు. పది రోజుల తర్వాత స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. సంతకం పెట్టావు కాబట్టి పూర్తి చేయాల్సిందే, లేకుంటే నీమీదే కేసు అవుతుందని మా అత్త అంటోంది. ఆయన వదిలేస్తానంటున్నాడు. మధ్యలో ఆపితే తమకు సంబంధం లేదని క్లినిక్‌లోనూ అన్నారు. బిడ్డ అవిటిగా పుడుతుందా? అమెరికాలో ఈ మాత్రకు విరుగుడు ఇంజెక్షన్ ఉందని వీడియోలో చూశాను. అది ఇవ్వనందుకు ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: అమ్మా, మీ అత్తగారు ఆ సంతకాన్ని ప్రోనోటు లెక్కన చూస్తున్నారు. మీరు సంతకం పెట్టింది ఫారం-సి అయి ఉంటుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం కింద డాక్టరు తప్పనిసరిగా తీసుకోవలసిన సమ్మతి పత్రం అది. గర్భం తీయించుకుని తీరతానని మీరు ఎవరికీ రాసిచ్చిన హామీ అందులో లేదు. ఆ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో ఆమె సమ్మతి లేనిదే గర్భం తీయరాదు. భర్త సంతకం గానీ అత్తమామల ఒప్పుదల గానీ చట్టం అడగలేదు. మాత్రల పద్ధతిలో మొదట మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ మాత్రలు నాలుగు వాడతారు గనుక, ఆ రెండింటి నడుమ స్త్రీ వద్దంటే, అంతకుముందు పెట్టిన సంతకాన్ని చూపి మిగతా మందు ఇచ్చే అధికారం ఎవరికీ ఉండదని నా అభిప్రాయం. పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణ కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది. ఆ కేసులో కోర్టు కాపాడింది కూడా గర్భాన్ని నిలుపుకోవాలన్న స్త్రీ కోరికనే.

మీమీద కేసు అన్నది ఉత్త బెదిరింపు. తొమ్మిది వారాల లోపు, అర్హత గల డాక్టరు చేతుల మీదుగా మాత్ర వేసుకోవడం చట్టం ఒప్పుకున్న పనే. దాన్ని మధ్యలో మానుకోవడం ఏ చట్టం కిందా నేరం కాదు. కేసు భయం ఉండవలసింది మిమ్మల్ని బలవంతపెట్టేవారికి. మీకు ఇష్టం లేకుండా, పాలల్లో కలిపి గానీ అదిలించి మింగించి గానీ గర్భస్రావం కలిగిస్తే, అది భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద నేరం. శిక్ష యావజ్జీవం వరకూ, లేదా పదేళ్ల వరకూ ఉంటుంది. గర్భం పోకుండా నిలిచినా, ఆ ప్రయత్నానికే శిక్ష పడవచ్చు. భయపెట్టి రాబట్టిన ఒప్పుదలను చట్టం ఒప్పుదలగా లెక్కించదని అదే సంహిత 28వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో ఒత్తిడి ఇలాగే సాగితే, 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు.

బిడ్డ ఆరోగ్యం గురించి నేను చెప్పేది వైద్యుల మాటే. మిఫెప్రిస్టోన్ ఒక్కటే మింగాక నిలిచిన గర్భాల్లో అవకరాలు పెరిగినట్టు ఆధారాలు లేవు. కాళ్లు చేతులు, ముఖ నరాల లోపాలతో ముడిపడి ఉన్నది రెండో మందు, మిసోప్రోస్టాల్. అది మీరు వేసుకోలేదు. అయినా ఇకపై చూపించుకునే ప్రతి డాక్టరుకూ ఈ సంగతి దాచకుండా చెప్పండి, బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసేందుకు అయిదో నెలలో చేసే టిఫా స్కాన్ మానకండి. మీ గుట్టు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకూ జైలు శిక్ష పడేలా 2021లో గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని సవరించారు.

ఇక విరుగుడు. మిఫెప్రిస్టోన్ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పనిని అడ్డుకుంటుంది గనుక, ఆ హార్మోన్‌నే ఎక్కువగా ఇస్తే గర్భం నిలుస్తుందన్నది ఆ వీడియోలో చెప్పేవారి వాదన. మొదటి మాత్రతో ఆపేసిన వారిలో కొందరికి ఏ ఇంజెక్షనూ లేకుండానే గర్భం నిలుస్తుంది. మీకు జరిగిందీ అదే. ఆ హార్మోన్ నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చుకుందామని కాలిఫోర్నియాలో 40 మందితో తలపెట్టిన పరిశోధనను, 12 మందిని చేర్చుకున్నాక, ముగ్గురికి తీవ్ర రక్తస్రావమై ఆసుపత్రికి తరలించవలసి రావడంతో ఆపేశారు. 2020లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, ఆ ముగ్గురిలో ఇద్దరికి ఇచ్చింది పోలిక కోసం వాడే, హార్మోన్ లేని ఉత్తుత్తి మందే. అంటే మధ్యలో ఆపడంలోనే రక్తస్రావం ముప్పు ఉందన్న అనుమానం బలపడింది. మీకు ఆ గండం గడిచినట్టే ఉన్నా, రక్తం ఎక్కువగా పోతే ఇంట్లో ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఈ చికిత్స గురించి డాక్టర్లు చెప్పి తీరాలని చట్టాలు చేసినా, అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమే దానికి శాస్త్రీయ ఆధారం లేదంటోంది. రుజువు కాని మందు ఇవ్వలేదన్న కారణంతో డాక్టరు మీద నిర్లక్ష్యం కేసు నిలబడదు.

అయితే సంబంధం లేదని మిమ్మల్ని పంపేయడం వేరే సంగతి. మాత్ర ఇచ్చినవారికి ఆ తర్వాత పరీక్షించే బాధ్యతా ఉంటుంది. దానిమీద కర్నూలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. కానీ ముందు ఏరియా ఆసుపత్రిలోనో, కర్నూలు సర్వజన వైద్యశాలలోనో పేరు నమోదు చేయించుకోండి. ఫిర్యాదు వారం ఆగినా నష్టం లేదు.

బిడ్డ తనకు వద్దనుకున్నంత మాత్రాన తండ్రికి పోషణ బాధ్యత తప్పదు. మీ భర్త వదిలేస్తే మీకూ పిల్లలకూ మనోవర్తి కోసం నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఒకవేళ మీ మనసే మళ్లీ మారితే, గర్భవిచ్ఛిత్తి చట్టంలోని కారణాలకు లోబడి ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భం తీయించుకునే దారీ ఉంది. ఆ మాట మాత్రం మీ నోటి నుంచే రావాలి.

ఈలోగా తెల్లకాగితం మీద, మొదటి మాత్ర ఏ తేదీన ఎన్ని గంటలకు మింగారో, ఎప్పుడు వద్దనుకున్నారో రాసి క్లినిక్‌కు ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. వారు కాదంటే రిజిస్టరు పోస్టులో పంపండి. ఒక గడి ఖాళీ అయి నాలుగు మాత్రలు మిగిలిన ఆ స్ట్రిప్‌ను పారేయకండి. రెండు వైపులా ఫోటో తీసి, మందుల చీటీతో, స్కాన్ రిపోర్టుతో కలిపి పుట్టింట్లో మీ అమ్మ చేతికివ్వండి. మీ అత్తగారి వంటింట్లో ఒక్క రోజు కూడా ఉంచకండి.