ఫ్రైడ్ రైస్ ముద్దయిందంటే తప్పు ఎక్కడుంది?

ప్రశ్న: మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన చైనీస్ రెస్టారెంటు గురించి అందరూ తెగ చెబుతుంటే శనివారం రాత్రి ఎనిమిది మందిమి వెళ్ళాం. ఫ్రైడ్ రైస్ ముద్దముద్దగా ఉంది. చిల్లీ చికెన్ నానిపోయింది. హాట్ అండ్ సోర్ సూపు గంజిలా జిగురుగా ఉంది. పైగా బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి! పేరున్న చోట ఇలా ఎందుకవుతుంది?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఆ పేరే సగం కారణం, పేరుంటే రద్దీ ఉంటుంది. బిర్యానీ అయితే ఒక్క హండీలో వంద మందికి దమ్ పెట్టినా రుచి నిలుస్తుంది. ఫ్రైడ్ రైస్ అలా కాదు, ఒకటి రెండు ప్లేట్ల చొప్పునే వేయించాలి. వోక్ (చైనీస్ వంటకు వాడే లోతైన బాణలి) నుంచి పొగ రావాలి, అప్పుడు నూనె, ఆపైన అన్నం. అంత వేడి మీద తడి క్షణాల్లో ఆవిరైపోయి మెతుకుకి మెతుకు విడిపోతుంది. రద్దీలో ఆరు ప్లేట్ల అన్నం ఒకేసారి వేస్తే వోక్ చల్లబడుతుంది, ఆవిరి బయటికి పోదు, అన్నం వేగడానికి బదులు ఉడుకుతుంది. అప్పుడే వండిన వేడి అన్నం వాడితే ఇంకా ముద్దవుతుంది. అన్నాన్ని పలుచగా పరిచి ఆరబెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. బయట వదిలేసిన అన్నం మాత్రం వాడకూడదు, అందులో పెరిగే బాక్టీరియా విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

చిల్లీ చికెన్ ముక్కలు ముందే వేయించి ట్రేలో పెట్టుకోవడం తప్పు కాదు. వడ్డించే ముందు బాగా కాగిన నూనెలో మరో నిమిషం వేయించకపోవడం తప్పు. ఇంట్లో చేస్తే అర కిలో బోన్‌లెస్‌కి ఒక గుడ్డు, మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా మైదా చాలు. సాస్ దగ్గర పడ్డాకే ముక్కలు వేసి, అర నిమిషం తిప్పి దించేయాలి. హోటల్లో అయితే ‘డ్రై’ అని చెప్పండి. ఇది మన దేశంలో పుట్టిన చైనీస్, చైనాలో ఇలా ఉండదని దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కరకరలాడకపోతే మాత్రం ఒప్పుకోకండి.

సూపు జిగురైందంటే కార్న్‌ఫ్లోర్ ఎక్కువైనట్టే. లీటరు స్టాక్‌కి (చికెన్ లేదా కూరగాయలు ఉడికించి వడకట్టిన నీళ్ళు) రెండు మూడు పెద్ద చెంచాలు, చన్నీళ్ళలో కలిపి, మరుగుతున్నప్పుడు పోయాలి. వెనిగర్ దించే ముందు వేయాలి, ఎక్కువసేపు మరిగితే దాని ఘాటు పోతుంది. కారం తెల్ల మిరియాల నుంచి రావాలి, చిల్లీ సాస్ నుంచి కాదు.

ఈసారి మామూలు రోజున, ఏడున్నరలోపే వెళ్ళండి. అన్నీ ఒకేసారి చెప్పకుండా ముందు ఒక్క ప్లేటు ఫ్రైడ్ రైస్ తెప్పించుకోండి. అది పొడిపొడిగా వస్తేనే మిగతావి. బాగాలేకపోతే రెండు చెంచాలు తినగానే చెప్పి వెనక్కి పంపండి. సగం ప్లేటు అయ్యాక చెబితే ఎవరూ వినరు.

సర్వీస్ చార్జి మీ ఇష్టం. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే జీఎస్టీ కూడా తగ్గుతుంది: తిండి 2,000 రూపాయలైతే, 200 చార్జి మీద కూడా 5 శాతం పన్ను పడి 2,310 అవుతుంది. చార్జి లేకపోతే 2,100. మేనేజరు కాదంటే బిల్లు ఫొటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.