కంప్రెస్ చేసిన ఫైలు గురించి రాస్తున్న తమ్ముడికి

విజయవాడ

తమ్ముడూ,

వెబ్ ఫైళ్లను కంప్రెస్ చేసి (అంటే కుదించి) ముందే దాచిపెట్టడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే నీ సైటునే ఉదాహరణగా తీసుకోవడం బాగుంది. సీజన్‌లో పొద్దున బేరాలు మొదలయ్యే వేళకి తేజ ఎంత, బాడిగ ఎంత అని అందరూ ఒకేసారి ఫోన్లు తీస్తారు. అప్పుడు సర్వర్ పరిస్థితి ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ మొదటి రెండు పేజీలు విసుగు పుట్టించాయి. "క్యాషింగ్ వల్ల వేగం పెరుగుతుంది" అన్న ముక్కనే నాలుగు రకాలుగా చెప్పావు. క్యాషింగ్ అంటే ఒకసారి చేసిన పని ఫలితాన్ని దాచుకుని మళ్లీ వాడుకోవడం అని కూడా చెప్పలేదు. ఎవరు ఏ పని మానేస్తే పెరుగుతుందో మాత్రం చెప్పలేదు.

పేజీ రంగులు, రూపం నిర్ణయించే ఒక్క సీఎస్ఎస్ ఫైలును పట్టుకుని దాని వెంటే నడువు. బ్రౌజర్ దాన్ని అడిగేటప్పుడే, తనకు జీజిప్, బ్రోట్లి అనే రెండు కంప్రెషన్ పద్ధతులూ తెలుసని యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ అనే హెడర్‌లో (అంటే అడిగే మాటతో పాటు వెళ్లే చిన్న చీటీలో) చెబుతుంది. సర్వర్ ఫైలును కంప్రెస్ చేసి, ఏ పద్ధతిలో చేసిందో కంటెంట్-ఎన్‌కోడింగ్ హెడర్‌లో రాసి పంపుతుంది. సైజు అంతలా ఎలా తగ్గుతుందో కూడా చూపించు. సీఎస్ఎస్‌లో మార్జిన్, ప్యాడింగ్ లాంటి మాటలే పదేపదే వస్తాయి కదా. జీజిప్ వెనక్కి 32 కేబీ దాకా చూసి, ముందొచ్చిన మాటే మళ్లీ వస్తే ఎంత వెనక ఉంది, ఎంత పొడవు అని గుర్తు మాత్రం రాసుకుంటుంది. మినిఫై చేశాక (అనవసరమైన ఖాళీలు, వ్యాఖ్యలు తీసేశాక) కూడా సుమారు 87 కేబీ ఉండే జేక్వెరీ 3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ సుమారు 30 కేబీకి దిగేది ప్రధానంగా ఇందువల్లే. ఇంతకు మించి లోతుకి పోకు, పాఠకుడు జారిపోతాడు.

ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 'జీజిప్ ఆన్' అని రాసేసి చాలామంది చేతులు దులుపుకుంటారు. డిఫాల్ట్‌గా అది హెచ్‌టీఎంఎల్‌కే పనిచేస్తుంది. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ రకాలను మనం విడిగా చేర్చాలి. చేర్చినా, అడిగిన ప్రతిసారీ అదే ఫైలును మళ్లీ కంప్రెస్ చేస్తుంది తప్ప ఫలితాన్ని దాచుకోదు. వెయ్యిమంది అడిగితే వెయ్యిసార్లు అదే చాకిరీ. అందుకే డిప్లాయ్ చేసేటప్పుడే (ఫైళ్లను సర్వర్‌లోకి ఎక్కించేటప్పుడే) ఒక్కసారి తీరిగ్గా, అత్యధిక స్థాయిలో, అంటే జీజిప్ 9లోనో బ్రోట్లి 11లోనో కంప్రెస్ చేసి, ఆ కాపీలను అసలు ఫైలు పక్కనే పెట్టాలి. 'జీజిప్ స్టాటిక్' ఆన్ చేస్తే ఎన్‌జిన్‌ఎక్స్ ఆ జీజిప్ కాపీని, అంటే .జీజెడ్ ఫైలును, తీసి ఇచ్చేస్తుంది. బ్రోట్లికి వేరే మాడ్యూల్ కావాలని ఒక ముక్క చెప్పు.

నీ పోలికల్లో రాత్రే రుబ్బి పెట్టుకున్న దోసెల పిండిని ఉంచి తక్కినవి కొట్టెయ్. అది కూడా ఎక్కడ పొసగదో రాయి. పిండి పులిస్తే వాసనకే తెలుస్తుంది. పాతబడ్డ .జీజెడ్ ఫైలు అలా బయటపడదు.

ఇక్కడ తొందరపడకు. సీఎస్ఎస్ ఫైలులో ఒక రంగు మార్చి సర్వర్‌లో పెట్టావు, పక్కనున్న .జీజెడ్‌ను మళ్లీ తయారు చేయలేదు అనుకో. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ రెండు ఫైళ్ల తేదీలు పోల్చి చూడదు. కమాండ్ లైన్‌లో ఫైళ్లు తెప్పించే కర్ల్ అనే పనిముట్టుతో తెప్పిస్తే కొత్త రంగే వస్తుంది. బ్రౌజర్‌లో పాతదే. క్యాష్ క్లియర్ చేసినా పాతదే, ఇంకో ఫోన్‌లో చూసినా పాతదే. టెన్షన్ మొదలవుతుంది. కిటుకు ఏమిటంటే, మనం చెప్పకపోతే కర్ల్ యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ పంపదు, కాబట్టి దానికి అసలు ఫైలు వెళుతుంది. బ్రౌజర్ పంపుతుంది, దానికి పాత .జీజెడ్ వెళుతుంది. కర్ల్‌కి 'కంప్రెస్డ్' ఆప్షన్ తగిలిస్తే దానికీ పాత రంగే కనిపిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఒక రాత్రి నిద్ర మిగిల్చేది ఈ పేరానే. నువ్వేమో "ఫైళ్లు తాజాగా ఉండేలా చూసుకోవాలి" అని దాటేశావు!

ఆ తర్వాత దీనికి మందు చెప్పు: ఫైలు పేరులోనే హ్యాష్, అంటే లోపలి సరుకును బట్టి లెక్కకట్టిన గుర్తు, కలపడం. లోపలి సరుకు మారితే పేరే మారుతుంది, పాత కాపీ అడ్డుపడే అవకాశం ఉండదు. అప్పుడు బ్రౌజర్‌ని కూడా 31536000 సెకన్లు, అంటే ఏడాది, దాచుకోమని ధైర్యంగా చెప్పొచ్చు. యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌ను బట్టి జవాబు మారుతుందని చెప్పే వేరీ హెడర్‌కి ఒక్క వాక్యం చాలు. మధ్యలో ప్రాక్సీ (జవాబులు దాచుకుని అందించే మధ్యవర్తి సర్వర్) ఉన్నప్పుడు ఆ హెడర్ లేకపోతే, జీజిప్ కాపీ జీజిప్ తెలియని క్లయింట్‌కి వెళ్లే ప్రమాదం ఉంది. ఫోటోల సంగతి ఎత్తకు, జేపెగ్ ముందే కంప్రెస్ అయి ఉంటుంది.

ఎక్కడో దొరికిన శాతాలు తీసేయ్. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, నీ సైటు ఫైళ్ల సైజులు ముందూ తర్వాతా నువ్వే చూసి రాయి. తేడా చిన్నదైనా ఫర్వాలేదు. ఆదివారం నేను బెజవాడలోనే ఉంటాను. ప్రింట్ తీసుకుని వస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం, ఆ అంకెలు లేకపోతే మాత్రం రాకు.