పళ్ళు లేని పెద్దవారికి నాలుక కింద ఉబ్బు, నోరు ఎండిపోవడం: మా అమ్మ విషయంలో తెలిసింది

మీ నాన్నగారికి పళ్ళన్నీ ఊడిపోయి ఆరేళ్ళయిందని, ఇప్పుడు నోరు ఎండిపోతోందని, నాలుక కింద మెత్తటి ఉబ్బు కనిపిస్తోందని రాస్తూ, పళ్ళతోపాటు లాలాజల గ్రంథులు కూడా పాడైపోతాయా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. ఈ రెండు బాధలతోనే మా అమ్మను శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖపట్నానికి పలుమార్లు తిప్పినవాణ్ణి కనుక తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఉబ్బు సంగతి. మా అమ్మకు ఒకప్పుడు అడ్డపొగ, అంటే చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది. అందుచేత నాలుక కింద ఉబ్బు చూడగానే ఇంట్లో అందరికీ కాన్సర్ భయమే పట్టుకుంది. దంతవైద్యుడు ఆమె చేత నాలుక పైకెత్తించి, అడుగు భాగాన్ని గాజుగుడ్డతో తుడిచి, దవడ కింద వేలితో మెల్లగా నొక్కారు. ఒకటి రెండు క్షణాలలో నాలుకను అడుగున పట్టి ఉంచే సన్నటి మడత పక్కనున్న రంధ్రంలోంచి తేటగా ఒక బొట్టు పూసలా ఊరింది. దవడ కింది గ్రంథి పని చేస్తోందనడానికి అదే గుర్తట. ఉబ్బుగా కనిపించినది నాలుక కింద ఉండే మరో గ్రంథి. పళ్ళు పోయాక వాటిని పట్టి ఉంచిన ఎముక గట్టు ఏటికేడు అరిగి కిందికి దిగుతుంది కనుక, అంతవరకు దాని చాటున ఉన్న గ్రంథి పైకి తేలినట్టు కనిపిస్తుందని ఆయన వివరించారు. ఆయన ఎక్కువసేపు చూసింది నిజానికి అంగిలినే. అక్కడ కనిపించిన ఎర్రటి చుక్కలు పొగ వేడికి వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళని చెప్పి, ఆరు నెలలకొకసారి చూపించమన్నారు.

అయితే మా అమ్మకు ఉబ్బు రెండు వైపులా సమానంగా, మెత్తగా ఉంది. ఒక వైపే ఉన్నా, గట్టిగా తగిలినా, రెండు వారాలకు మించి మానని పుండు ఉన్నా, తినేటప్పుడు వాచి నొప్పి పెడుతున్నా, ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇక నోరు ఎండటం. వయసుతో గ్రంథులలో లాలాజలం తయారుచేసే కణాలు కొంత తగ్గి, వాటి చోట కొవ్వు, పీచు కణజాలం చేరే మాట నిజమే. అయినా ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో నమిలేటప్పుడు చెంపల గ్రంథులనుంచి వచ్చే ఊట పెద్దగా తగ్గదు. పంటి మూలం చుట్టూ ఉన్న నరాలు నమలగానే గ్రంథులకు కబురు పంపుతాయి; పళ్ళు పోతే ఆ దారి మూసుకుపోయినా, చిగుళ్ళు, నాలుక, రుచి ద్వారా వెళ్ళే కబురు మిగిలే ఉంటుంది. మా అమ్మ మాత్రం నమలలేక మూడు పూటలా చోడి అంబలి, మెత్తటి అన్నంతోనే గడిపేది. ఎలుకలకు ద్రవాహారమే పెడితే చెంపల గ్రంథి కుంచించుకుపోతుందని, మళ్ళీ గట్టి మేత పెడితే కోలుకుంటుందని ప్రయోగాలలో తేలిన విషయం ఆ దంతవైద్యుడే చెప్పి, పళ్ళ సెట్టు కట్టించమన్నారు. కొత్త సెట్టు పెట్టిన మొదటి రోజులలో ఆమెకు ఉమ్ము విపరీతంగా ఊరింది. నోరు దాన్ని తిండి అనుకుంటుందట. వారం పది రోజులలో సర్దుకుంది. సెట్టు చిగురును పట్టి ఉండేది కూడా మధ్యనున్న పలుచటి లాలాజలపు పొర వల్లనే కనుక, నోరు ఎండినవారు దాన్ని తడిపి పెట్టుకోవడం, రాత్రి తీసి నీళ్ళలో ఉంచడం మంచిది.

ఇంత చేసినా ఎండటం సగమే తగ్గింది. మిగతా సగానికి కారణం మాత్రలు: నరాల నొప్పికి వేసుకునే అమిట్రిప్టిలిన్, దురదకు వేసుకునే సెట్రిజిన్. వాటిని రాసిన వైద్యుడే మోతాదు మార్చాక రాత్రుళ్ళు నీళ్ళ కోసం లేవడం మానేసింది. మీరు వెళ్ళేటప్పుడు నాన్నగారి మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని తీసుకువెళ్ళండి. మా అమ్మ దురద మాత్రను మందు కింద లెక్కే వేయదు కనుక, మొదటిసారి దాని ఊసే ఎత్తలేదు.