కోట్స్ మధ్య మాట అడిగితే లైనంతా వస్తోంది!

ప్రశ్న: పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (టెక్స్ట్‌లో కావాల్సిన ముక్కను వెతికే ప్యాటర్న్లు) కొత్తగా నేర్చుకుంటున్నాను. రంగు="ఎరుపు" సైజు="పెద్ద" అనే లైన్లోంచి ఎరుపు ఒక్కటే తీద్దామని ".*" అని ప్యాటర్న్ రాస్తే "ఎరుపు" సైజు="పెద్ద" అని మొత్తం వచ్చేస్తోంది. సెర్చ్ అనే ఫంక్షన్ బదులు మ్యాచ్ అనే ఫంక్షన్ వాడితే అసలేమీ దొరకడం లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. తప్పెక్కడుంది?

జవాబు: మీ తప్పు చాలా చిన్నది, కంగారు పడకండి. చుక్క అంటే ఏదైనా ఒక అక్షరం, నక్షత్రం అంటే అది ఎన్నిసార్లైనా రావచ్చని. చుక్క పక్కన నక్షత్రం పెడితే దానికి ఆశ ఎక్కువ. మొదటి కోట్ దొరకగానే మధ్యలో ఎక్కడా ఆగకుండా లైన్ చివరిదాకా పరిగెత్తి, అక్కడినుంచి ఒక్కో అక్షరం వెనక్కి వస్తూ ముందు కనిపించిన కోట్ దగ్గర ఆగుతుంది, అది పెద్ద తర్వాతున్న కోట్ అన్నమాట. ".*?" అని ప్రశ్నార్థకం చేర్చండి, వీలైనంత తక్కువ తీసుకుంటుంది. నన్నడిగితే "([^"]*)" ఇంకా మేలు. కోట్ కానివి మాత్రమే తీసుకో అని సూటిగా చెబుతున్నాం కాబట్టి పొరపాటుకు చోటుండదు, గుండ్రటి బ్రాకెట్ల వల్ల కోట్స్ లేకుండా ఎరుపు ఒక్కటే మొదటి గ్రూపులో దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, చుక్క మామూలుగా లైన్ దాటదు, [^"] మాత్రం దాటుతుంది.

ఇక మ్యాచ్ సంగతి. అది స్ట్రింగ్ మొదట్లోనే చూస్తుంది, మీ లైన్ రంగు అని మొదలైంది కదా, అందుకే దొరకలేదు. ఎక్కడున్నా వెతకాలంటే సెర్చ్, స్ట్రింగ్ మొత్తం సరిపోవాలంటే ఫుల్‌మ్యాచ్. (అ+)+ లాంటి ప్లస్ మీద ప్లస్ (ప్లస్ అంటే ఒకటి లేదా అంతకన్నా ఎక్కువసార్లు) మాత్రం దయచేసి రాయకండి, సరిపోని పొడవాటి టెక్స్ట్ తగిలితే ప్రోగ్రామ్ అక్కడే బిగుసుకుపోవచ్చు.