స్విట్జర్లాండ్, ఇటలీ టూర్: రైలు ఎక్కడిదాకా, కారు ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదండీ. కూకట్‌పల్లి నుంచి మీరిద్దరూ, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. మే నెలలో రెండు వారాలు. జ్యూరిక్‌లో కారు అద్దెకు తీసుకుని స్విట్జర్లాండ్, వెనిస్, ఫ్లోరెన్స్, టస్కనీ, రోమ్ చూసి, కారు రోమ్‌లో వదిలేద్దామని మీ ప్లాన్. కుదిరితే పారిస్ కూడా.

మేం దాదాపు ఇదే దారిలో మా అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లొచ్చాం. ఆ అనుభవంతో చెబుతున్నా: కారు మొత్తానికి వద్దు. రైలు పోని చోట మాత్రమే, అంటే టస్కనీ పల్లెల్లో ఉండే ఆ రెండు మూడు రోజులకే తీసుకోండి. పారిస్‌ని ఈసారికి పక్కన పెట్టండి. ఇంట్లో గొడవ అవుతుందని తెలుసు, అయినా పెట్టండి.

స్విట్జర్లాండ్‌లో కారు ఎందుకు దండగో చెబుతాను. మీరు చూడాలనుకుంటున్న వెంగెన్, మ్యూరెన్ ఊళ్లలోకి బయటి కార్లను రానివ్వరు. కింద లాటర్‌బ్రున్నెన్‌లోనో మరోచోటో డబ్బు కట్టి పార్క్ చేసి, చివరికి రైలో రోప్‌వేనో ఎక్కాల్సిందే. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కైతే రోడ్డే లేదు, 1912లో వేసిన రైలు మార్గమే గతి. ఎత్తైన కనుమల మీద డ్రైవింగ్ చేద్దామనుకుంటే ఫుర్కా, గ్రిమ్సెల్ లాంటివి మేలో చాలావరకు మంచుతో మూసే ఉంటాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఒక దేశంలో తీసుకున్న కారును ఇంకో దేశంలో వదిలితే వేసే వన్‌వే చార్జీ. మేం ధరలు చూసినప్పుడు ఆ చార్జీ ఒక్కటే మొత్తం అద్దెను మించిపోయింది.

నేనైతే ఇలా వేసుకుంటాను: ఇంటర్లాకెన్ వైపు నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, టస్కనీ పల్లెలో మూడు, రోమ్‌లో మూడు. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పెట్టెలు సర్దడం, పదకొండుకల్లా రూమ్ ఖాళీ చేయడం, మూడింటిదాకా కొత్త రూమ్ ఇవ్వకపోవడం, మధ్యలో అమ్మగారు స్టేషన్ బెంచీ మీద కూర్చోవడం. ఇదంతా గూగుల్ మ్యాప్స్‌లో కనబడదు. అందుకే వెనిస్‌ని కూడా తీసేశాను. తప్పదంటే ఫ్లోరెన్స్ నుంచి రైల్లో రెండుంబావు గంటలే, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

ఫ్లైట్ జ్యూరిక్‌కు వెళ్లేలా, తిరుగు ప్రయాణం రోమ్ నుంచి ఉండేలా ఒకే టికెట్‌గా చూడండి. దుబాయ్, దోహా మీదుగా హైదరాబాద్ నుంచి ఇలాంటివి దొరుకుతాయి.

రాత్రుల లెక్క వీసాకూ ముఖ్యం. షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఎక్కువ రాత్రులు ఉండే దేశం దగ్గర అప్లై చేయాలి. పై లెక్కలో ఇటలీకి తొమ్మిది, స్విస్‌కు నాలుగు కాబట్టి మీది ఇటలీ అప్లికేషనే. దిగేది జ్యూరిక్‌లో అయినా ఇబ్బంది లేదు. రెండు దేశాలకూ సమానంగా రాత్రులు వస్తే మాత్రం ముందు అడుగుపెట్టే దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. మేలో వెళ్లేవాళ్లు ఫిబ్రవరి దాకా కూర్చుంటే అపాయింట్‌మెంట్ స్లాట్ల టెన్షన్ మొదలవుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా హోటళ్లు, కారు ఫ్రీ క్యాన్సిలేషన్‌తోనే బుక్ చేయండి. రిఫండ్ రాని చవక రైలు టికెట్లు ఆ తర్వాతే కొనండి.

జ్యూరిక్ ఎయిర్‌పోర్టు కిందే రైల్వే స్టేషన్. అక్కడి నుంచి బెర్న్ మీదుగా రెండుంబావు గంటల్లో ఇంటర్లాకెన్. స్విస్ ట్రావెల్ పాస్ (కొన్ని రోజులపాటు రైళ్లు, బస్సుల్లో తిరగనిచ్చే పాస్) కళ్లు మూసుకుని కొనేయకండి. ఒకేచోట నాలుగు రాత్రులుండి కొండలెక్కే మీలాంటి వాళ్లకు హాఫ్ ఫేర్ కార్డు లాభంగా తేలొచ్చు, ఎందుకంటే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ ఎక్కడానికి ఆ కార్డు సగం తగ్గిస్తుంది, ట్రావెల్ పాస్ 25 శాతమే. ఏది తీసుకున్నా పాపకు ఫ్యామిలీ కార్డు అడగండి. అమ్మానాన్నలతో కలిసి వెళ్లే పదహారేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు.

ఇంటర్లాకెన్ నుంచి స్పీట్స్ ఇరవై నిమిషాలు. అక్కడ మిలాన్ వెళ్లే యూరోసిటీ రైలు ఎక్కితే మూడు గంటల లోపే. మిలాన్‌లో మారి ఫ్లోరెన్స్‌కు ఇంకో రెండు గంటలు. ఒక జాగ్రత్త ఉంది. ఈ రెండూ విడివిడి టికెట్లయితే, మొదటి రైలు లేటయినప్పుడు రెండోది మీ ఖాతాలోనే పోతుంది. అందుకని మిలాన్‌లో గంటన్నర గ్యాప్ పెట్టుకోండి. అమ్మగారికి బాత్రూమ్‌కీ కాఫీకీ ఎలాగూ ఆ టైమ్ కావాలి. ఇటలీలోని ఫ్రెచ్చారోస్సా, ఇతాలో హైస్పీడ్ రైళ్ల రేట్లు మన ఫ్లైట్ టికెట్లలాగే రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతాయి. ప్లాట్‌ఫామ్ నంబరు బయల్దేరడానికి కాసేపటి ముందే బోర్డు మీద పడుతుంది, అది పడగానే జనమంతా ఒక్కసారి కదులుతారు. సికింద్రాబాద్‌లోలా కూలీ దొరకడు. ఎవరి పెట్టె వాళ్లు లాగగలిగేదే తీసుకెళ్లండి.

ఆల్ప్స్ కొండల మీదుగా వెళ్లే బెర్నీనా ఎక్స్‌ప్రెస్ రైలు గురించి అడిగారు. అందమైన దారే. స్విట్జర్లాండ్‌లోని ఖూర్ నుంచి ఇటలీలోని తిరానో దాకా నాలుగు గంటలు, 2,253 మీటర్ల ఎత్తు దాటుతుంది. కానీ దాని కోసం ఖూర్‌లో ఓ రాత్రి పడుకోవాలి, తిరానో నుంచి మిలాన్‌కు మళ్లీ రెండున్నర గంటలు. అమ్మగారితో అయితే నేను వదిలేస్తాను.

ఇక కారు. ఫ్లోరెన్స్ సిటీలో తీసుకోకండి. స్టేషన్ దగ్గర టీ2 ట్రామ్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఎయిర్‌పోర్టు, కారు అక్కడ తీసుకోండి. కారణం జెడ్‌టీఎల్. పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతాలివి. తెల్లటి గుండ్రటి బోర్డుకు ఎర్ర అంచు, పక్కన కెమెరా. గేటూ ఉండదు, పోలీసూ ఉండడు. గూగుల్ మ్యాప్స్ అందులోంచే దారి చూపించినా చూపిస్తుంది. మీ అడ్రసు పోలీసులకు ఇచ్చినందుకు రెంటల్ వాళ్లు ముందు మీ కార్డు మీద ఫీజు లాగుతారు. అసలు ఫైన్ నెలల తర్వాత కూకట్‌పల్లి ఇంటికి వస్తుంది. పియెన్జా, మోంటెపుల్చానో లాంటి కొండ ఊళ్లకు వెళ్లినప్పుడు కోటగోడ బయటే ఆపి నడవండి. తెల్ల గీతల మధ్య పార్కింగ్ ఫ్రీ, నీలం గీతలైతే డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనకు కాదు.

కౌంటర్ దగ్గర మా ముందున్న జంటకు జరిగింది చెబుతాను. లైసెన్సు భర్తది, క్రెడిట్ కార్డు భార్యది. డిపాజిట్ బ్లాక్ చేయడానికి డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలని కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, నవ్వుతూనే కారు ఇవ్వలేదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు నమ్ముకోకండి. లిమిట్ బాగా ఉన్న క్రెడిట్ కార్డు, పేరు లైసెన్సులో ఉన్నట్టే ఉన్నది పెట్టుకోండి.

ఆటోమేటిక్ కారే అడగండి, అదీ ముందుగానే, అక్కడ ఎక్కువగా ఉండేవి గేర్ బండ్లే. స్టీరింగ్ ఎడమవైపు, రోడ్డు కుడివైపు. మన కార్లలో చాలావాటికి ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతికి. మొదటి రోజు మలుపు తిరగబోయినప్పుడల్లా మండుటెండలో వైపర్లు ఊగుతాయి, వెనక సీట్లో పాప పగలబడి నవ్వుతుంది. రౌండబౌట్‌లో ఎడమవైపు నుంచి వస్తున్న బండికి దారివ్వాలి, హారన్ కొట్టి దూరిపోవడం ఉండదు. కారు సైజును సీట్లను బట్టి కాదు, పెట్టెలను బట్టి ఎంచుకోండి. నలుగురి పెద్ద సూట్‌కేసులు చిన్న కారు డిక్కీలో పట్టవు. పాప ఎత్తు 150 సెంటీమీటర్ల లోపు కాబట్టి బూస్టర్ సీటు చట్టప్రకారం తప్పనిసరి.

టోల్ రోడ్డు మన ఔటర్ రింగ్ రోడ్డు లాంటిదే, ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ లేన్ వాళ్ల ఫాస్టాగ్ అనుకోండి, అందులోకి వెళ్లొద్దు.

కారును రోమ్ నగరంలోకి తీసుకెళ్లకుండా ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టులో అప్పగించండి. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో తెర్మినీ స్టేషన్‌లో దించుతుంది. అప్పగించేముందు నాలుగు వైపులా, చక్రాల రిమ్ములతో సహా వీడియో తీయండి. తీసుకునేటప్పుడు కూడా.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ పరిధిలోని ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసుకెళ్లండి. అక్కడ డ్రైవ్ చేసేటప్పుడు అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.

అమ్మగారి తిండి గురించి అడిగారు కదా. ఇంటర్లాకెన్‌లో హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. కందిపొడి, ఆవకాయ, బియ్యం తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, మనలాంటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురానివ్వరు. పెరుగు అక్కడ కోప్, మీగ్రోస్ సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు కాబట్టి శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోండి.