బడి ముచ్చట్లు: మెమోలతో మనసు మారదు

ప్రశ్న: ప్రమోషన్ మీద ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాను. పన్నెండు మంది టీచర్లు. బెల్లుకు వస్తారు, సిలబస్ పూర్తి చేస్తారు, అంతే. ఇద్దరికి మెమోలిస్తే స్టాఫ్ రూమంతా ముభావంగా మారింది. వాళ్లలో అంకితభావం కలిగించేదెలా?

జవాబు: మెమోతో హాజరు సరిచేయవచ్చు గానీ, పాఠం మీద శ్రద్ధ పుట్టించలేం. కెనడాకు చెందిన నటాలీ అలెన్, జాన్ మేయర్ 1990లో ఉద్యోగుల నిబద్ధతను మూడు రకాలుగా చూపించారు: సంస్థ మీద మమకారంతో ఉండటం, ఉండటం తన ధర్మం అనుకోవడం, వదిలేస్తే నష్టపోతామని ఉండటం. మెమో తాకేది మూడోదాన్నే. సర్కారు కొలువులో అది ఎటూ దండిగానే ఉంటుంది. మీరు పెంచాల్సింది మొదటిది.

ముందు అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు తీయండి. సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు గత రెండు నెలల్లో ఎవరికి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. చాలా బళ్లలో కాదనలేని ఒకరిద్దరి మెడకే చుట్టుకుంటాయి. వాళ్ల లీజర్లు (ఖాళీ పీరియడ్లు) పోతాయి, నోటు పుస్తకాల కట్టలు ఇంటికి చేరతాయి. బాగా పనిచేసేవాళ్ల ఉత్సాహం చల్లారేది ఇక్కడే. ఎవరికి ఎన్ని పడ్డాయో స్టాఫ్ రూములో అంటించి, తక్కువ పడ్డవారికే తర్వాతిది ఇవ్వండి. ఆ పట్టికలో మీ పేరు కూడా ఉండాలి.

తర్వాత క్లాసులకు వెళ్లండి. వారానికి మూడు చాలు, కానీ పీరియడ్ మొత్తం ఉండాలి. ఏ రోజు వస్తారో ముందే చెప్పండి. వెనక బెంచీలో కూర్చుని టీచరు కంటే పిల్లల్ని ఎక్కువగా గమనించండి. ముగ్గురి నోటు పుస్తకాలు తిప్పండి. అదే రోజు, టీచరు లీజరులో, పావుగంట ఇద్దరే మాట్లాడుకోండి. 'పాఠం బాగుంది' అనే మాటకు విలువ లేదు. '1/2, 1/3 కలిపితే 2/5 అని రాసిన అమ్మాయిని కసరకుండా కాగితం పట్టీని ఆరు భాగాలుగా మడిపించారు. తప్పు ఎక్కడుందో తనే పట్టుకుంది' అనండి. తన పని నిజంగా చూశారని టీచరుకు అప్పుడు నమ్మకం కుదురుతుంది. మార్చుకోవాల్సింది మాత్రం ఒక్కటే చెప్పండి: 'అర్థమైందా?' అని క్లాసంతటినీ అడిగే బదులు నలుగురి చేత పలకల మీద జవాబు రాయించమనండి. పది రోజుల్లో మళ్లీ వెళ్లి ఆ ఒక్క విషయమే చూడండి. రెండోసారి వెళ్లకపోతే మొదటిది తనిఖీగానే మిగిలిపోతుంది.

ఇది బెడిసికొట్టే తీరులు రెండు. పిల్లల ముందే టీచరును సరిదిద్దడం ఒకటి. ఆ గాయం చాలాకాలం మానదు. మాట్లాడకముందే పరిశీలన పుస్తకంలో రాసి సంతకం అడగడం రెండోది.

ఇక పాఠం మధ్యలో యాప్‌లో వివరాలు నింపమని టీచర్లను పిలిపించడం మానండి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులు టీచర్లకు అప్పగించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షనే చెబుతోంది. యాప్ పనులన్నీ పూర్తిగా తప్పించలేకపోయినా, వేళ నిర్ణయించడం మీ చేతిలోనే ఉంది: సాయంత్రం చివరి బెల్లుకు ముందు అరగంట, వంతులవారీగా.

మెమోలు అసలే వద్దని కాదు. చెప్పకుండా గైర్హాజరయ్యేవారికి, పిల్లల మీద చెయ్యి చేసుకునేవారికి ఇవ్వాల్సిందే.

ప్రశ్న: మా హెచ్ఎం గారు ఆఫీసు గది దాటి రారు. ఎంత చేసినా చూసేవాళ్లు లేరు. ఉత్సాహం తగ్గిపోతోంది. ఏం చేయాలి? (ఒక తెలుగు ఉపాధ్యాయిని)

జవాబు: మీరే పిలవండి, అమ్మా. అయితే 'ఒకసారి మా క్లాసు చూడండి సార్' అంటే పని జరగదు. 'గురువారం మూడో పీరియడ్, ఆరో తరగతి. ఒత్తులు రాని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చదివిస్తున్నాను. మిగతావాళ్లు ఖాళీగా ఉండిపోతున్నారేమో చూసి చెప్పండి' అని అడగండి. ఏం చూడాలో తెలిస్తే వచ్చేవాళ్లు ఎక్కువ.

ఆయన రాకపోయినా తోటి టీచరు ఉన్నారు. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్) పరీక్ష అయ్యాక ఇద్దరూ పదేసి జవాబు పత్రాలు మార్చుకుని దిద్దండి. మార్కులు ఎక్కడ తేడా వచ్చాయో చూడండి, ఎక్కువమంది చేసిన ఒక తప్పును ఎంచుకుని వచ్చే వారం పాఠం దాని చుట్టూ అల్లుకోండి. ఆ పత్రాలనే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే) సమావేశానికి తీసుకెళ్తే పక్క ఊరి టీచర్లతోనూ చర్చించవచ్చు.